సుగతకుమారి: కవయిత్రా, కార్యకర్తా? మాట్లాడుకుందాం రండి

పద్మతీర్థం

అందరికీ నమస్కారం. ఇక్కడ కమలాదాస్ మీద, మహాశ్వేతాదేవి మీద పెద్ద పెద్ద థ్రెడ్లే నడిచాయి. మలయాళ కవయిత్రి సుగతకుమారి పేరు మాత్రం ఎక్కడో ఒక వ్యాఖ్యలో తగలడమే తప్ప విడిగా ఎవరూ మాట్లాడలేదు. ఉద్యోగం వల్ల చాలాకాలంగా తిరువనంతపురంలో ఉంటున్నాను, మలయాళం కూడబలుక్కుని చదువుతాను. నాకు తెలిసింది ముందు పెడతాను, మిగతాది మీరు అందుకోండి.

1934 జనవరి 22న ఆరన్ముళలో పుట్టారు. తండ్రి బోధేశ్వరన్ స్వాతంత్ర్య సమరయోధుడు, కవి. 'జయ జయ కోమల కేరళ ధరణి' ఆయన రాసిన పాటే. 2014లో కేరళ ప్రభుత్వం దాన్ని సాంస్కృతిక గీతంగా ప్రకటించింది. తల్లి కార్త్యాయని అమ్మ సంస్కృత పండితురాలు. అక్క హృదయకుమారి ఇంగ్లీషు ప్రొఫెసరు, పేరున్న విమర్శకురాలు. చెల్లెలు సుజాతాదేవి కూడా రచయిత్రే. అన్నంతో పాటు పద్యం కూడా వడ్డించే ఇల్లన్నమాట.

తిరువనంతపురం యూనివర్సిటీ కాలేజీలో తత్త్వశాస్త్రం ఎం.ఏ. 1955లో పూర్తిచేశారు. 1957లో మొదటి కవిత అచ్చయింది, అదీ శ్రీకుమార్ అనే మగపేరుతో. 1961లో 'ముత్తుచ్చిప్పి' సంపుటి. 'పాతిరాప్పూక్కళ్'కు రాష్ట్ర సాహిత్య అకాడమీ, 'రాత్రిమళ' (రాత్రివాన)కు 1978లో కేంద్ర సాహిత్య అకాడమీ, తర్వాత 'అంబలమణి'కి వయలార్ పురస్కారం. 2006లో పద్మశ్రీ. 'మణలెళుత్తు'కు సరస్వతీ సమ్మాన్. అవార్డుల సంగతి ఇంతటితో ఆపేస్తాను, ఎందుకంటే ఈ ఊళ్ళో ఆటోవాళ్ళకి ఆమె తెలిసింది అవార్డుల వల్ల కాదు. 'సుగతకుమారి టీచర్' అంటే అడవి కోసం కొట్లాడినావిడ, దిక్కులేని ఆడవాళ్ళకి నీడ ఇచ్చినావిడ. కవిత్వం ఆ తర్వాత.

ఆమెకి ఇది న్యాయమా, అన్యాయమా? నాకు తేలలేదు. అందుకే ఈ థ్రెడ్.

చింతచిగురు

మంచి పని చేశారండీ. డిగ్రీలో ఇంగ్లీషు పేపర్లో ఒక్క కవిత చదివాను, రాత్రివాన మీద. అప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టాను. ఆవిడ సామాజిక కార్యకర్త అని ఆ పాఠం చివర ఒక వాక్యం ఉండేది, అంతే. పిచ్చాసుపత్రి విషయం వివరంగా చెప్పగలరా? ముక్కలు ముక్కలుగా విన్నాను.

కరెంటాయన

నేను జలవిద్యుత్తులో పనిచేసి రిటైరైన వాణ్ణి. ముందే చెప్తున్నా, నాది ఎదురుపక్షం. ఆమె అడ్డుకున్న సైలెంట్ వ్యాలీ ప్రాజెక్టు, అదే పాలక్కాడ్ వైపు అడవిలో కట్టాలనుకున్న జలవిద్యుత్ ఆనకట్ట, 120 మెగావాట్లది, తర్వాత 240కి పెంచే వీలుండేది. డెబ్బయ్యో దశకంలో అది చిన్న సంగతి కాదు. ఉత్తర కేరళలోని మలబార్ జిల్లాలు అప్పుడు కరెంటుకి మొహం వాచి ఉన్నాయి. పాటలు రాసేవాళ్ళు పాటలు రాశారు, ప్రాజెక్టు ఆగింది. సరే, బానే ఉంది. మరి చీకట్లో చదువుకున్న పిల్లల తరఫున పాట ఎవరు రాశారు? కోపంతో కాదు, నిజంగానే అడుగుతున్నా.

పద్మతీర్థం

కరెంటాయన గారూ, మీరు రావడం బాగుంది. లేకపోతే ఇది భజన థ్రెడ్ అయ్యేది.

ముందు చింతచిగురు గారికి. 1985లో ఆమె తిరువనంతపురం ఊళంపారలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి వెళ్ళారు. ఆడవాళ్ళ వార్డులో చూసింది ఇదీ: ఒంటి మీద సరైన బట్టలేని వాళ్ళు, ఎముకలు తేలిన వాళ్ళు, మానని పుళ్ళు, చీకటి సెల్లులు, 'అమ్మా ఆకలి' అని ఊచల్లోంచి చాపిన చేతులు. అప్పటికి దేశంలో నడుస్తున్నది 1912 నాటి ల్యూనసీ చట్టం. రోగిని లోపల పెట్టడానికి పనికొచ్చే చట్టమే కానీ బయటికి తెచ్చేది కాదు. కొత్త మానసిక ఆరోగ్య చట్టం 1987లో వచ్చింది, అమల్లోకి వచ్చేసరికి 1993.

ఆమె ఇంటికొచ్చి కవిత రాసుకుని ఊరుకోలేదు. ఆ ఏడాదే 'అభయ' సంస్థ పెట్టారు. పత్రికల్లో రాశారు, అధికారుల గుమ్మాలు తొక్కారు, ఆసుపత్రి తలుపులు బయటివాళ్ళకి తెరిచేదాకా వదల్లేదు. అప్పటిదాకా ఆ గోడల వెనక ఏం జరుగుతోందో ఊరికి పట్టనే లేదు. నయమై కూడా ఇంటివాళ్ళు తీసుకెళ్ళని ఆడవాళ్ళ సంగతి ఏం చేయాలన్నది తర్వాతి ప్రశ్న. దానికోసం ఊరి బయట మలయింకీళులో పదెకరాల్లో అభయగ్రామం. 1992లో దలైలామా శంకుస్థాపన చేశారు. మానసిక రోగులకు ఒక ఇల్లు, ఆసరా లేని ఆడవాళ్ళకు 'అత్తాణి', తాగుడు మానాలనుకునేవాళ్ళకు 'బోధి', ఆడపిల్లలకు 'అభయబాల', ఇలా ఒక్కొక్కటీ పెరిగాయి.

రాత్రిపాళీ

కవిత్వం వైపు నుంచి ఒక మాట. పద్మతీర్థం గారు రాసిన తేదీలు మళ్ళీ చూడండి. 'రాత్రిమళ' సంపుటి 1977. ఊళంపారకి వెళ్ళింది 1985.

ఆ కవిత ఎలా మొదలవుతుందో తెలిసినవాళ్ళు ఉన్నారా? రాత్రివానని ఒక పిచ్చిదైన యువతితో పోలుస్తుంది. ఊరికే ఏడుస్తూ, నవ్వుతూ, వెక్కుతూ, ఆపకుండా ఏదో గొణుగుతూ, పొడుగాటి జుట్టు విరబోసుకుని వంగి కూర్చున్న పిల్ల. తర్వాత ఆ వాన ఆసుపత్రిలోకి వస్తుంది. మంచం మీద నిద్రపట్టని రోగి దగ్గరికి కిటికీలోంచి చల్లటి చెయ్యి చాపుతుంది. ఒకప్పుడు ప్రేమకి సాక్షిగా ఉన్న వానే ఇప్పుడు నొప్పికి సాక్షి. నేనూ నీలాంటిదాన్నే అని చివర ఆమె వానతో అంటుంది.

పిచ్చితల్లి అనే బొమ్మ మన కవిత్వాల్లో కూడా వాడి వాడి అరిగిపోయిందే. చాలామంది కవులకి అది ఒక అలంకారం. ఈవిడ ఉపమానంగా రాసిన మనిషి ఎనిమిదేళ్ళ తర్వాత ఇనుప ఊచల వెనక నిజంగా ఎదురైంది. అప్పుడు ఏం చేసిందన్నదే నాకు ఆసక్తి. ఆ ఉపమానాన్ని వదిలేసి ఆ మనిషిని పట్టుకుంది.

సీమపిల్ల

రాత్రిపాళీ అన్నా, చదవడానికి బాగుంది గానీ నాకు ఇబ్బందిగా ఉంది. నేను మానసిక ఆరోగ్య రంగంలోనే పని చేస్తున్నా. వానని పిచ్చిదానితో పోల్చడం ఇప్పుడు ఎవరైనా రాస్తే మేము ఊరుకోం. జుట్టు విరబోసుకుని నవ్వుతూ ఏడుస్తూ అనే బొమ్మ వల్లే కదా ఇంట్లో డిప్రెషన్ ఉన్న ఆడపిల్లని 'అదేం పిచ్చిది కాదు, బానే ఉందిగా' అని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళరు.

రాత్రిపాళీ

సీమపిల్లా, నీ మాట కొట్టిపారేయను. ఒక్కటి చూడు. కవితలో ఆ పిచ్చిపిల్లని చూసి జాలిపడే మూడో మనిషి లేడు. నేనూ అదే అని ఒప్పుకునే గొంతే ఉంది. దూరం నుంచి చూపించే బొమ్మకీ దీనికీ ఆ తేడా ఉంది. అలాగని ఇవాళ అదే పోలిక రాయమని నేనూ చెప్పను.

సీమపిల్ల

సరే, సగం ఒప్పుకుంటా. మిగతా సగం అభయ ఖాతాలో వేసుకుంటా. అక్కడ జరిగిన అసలైన పని నయమైనవాళ్ళకి ఇల్లు చూపించడం. ఇది బయటివాళ్ళకి అర్థం కాదు. మందులు పనిచేస్తాయి, మనిషి కోలుకుంటుంది, డిశ్చార్జి కాగితం చేతికొస్తుంది. అప్పుడు ఫోన్ చేస్తే అన్నయ్య ఎత్తడు. అడ్రసు మారిపోయి ఉంటుంది, లేదా మారిపోయిందని చెప్తారు. పెళ్ళైనదైతే భర్త వేరే కాపురం పెట్టేసి ఉంటాడు. ఆమె బీరువాలో బట్టలు కూడా ఎవరికో ఇచ్చేసి ఉంటారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఎంత మంచిగా రాసినా ఈ ఫోన్ ఎత్తించలేదు. 1985లో ఆ సంగతి పట్టుకున్నారంటే ఆవిడకి దండం పెట్టొచ్చు.

గోదారిగట్టు

నేను కృష్ణుడి వైపు నుంచి వచ్చాను. ఆమె 'కృష్ణా, నీ ఎన్నె అరియిల్ల' ఎవరైనా విన్నారా? కృష్ణా, నువ్వు నన్నెరగవు అని. కేరళలో స్టేజీ మీద పాడితే జనం మొత్తం కూడా అందుకుంటారు.

ఇందులో మాట్లాడేది ఒక గోపిక. పేరులేని గోపిక. ఆమె ఎప్పుడూ యమున ఒడ్డుకి పోలేదు. చీరలు దాచిన రోజు అక్కడ లేదు. రాసక్రీడలో ఆడలేదు. వేణువు వినబడినప్పుడు అందరూ పొయ్యి మీద పాలు పొంగుతుంటే వదిలి పరిగెత్తారే, ఈమె వంటింట్లోనే పని చేసుకుంటూ ఉండిపోయింది. అక్రూరుడి రథం కదిలినప్పుడు గోకులమంతా ఏడుస్తూ అడ్డం పడితే ఈమె గడప దాటలేదు. ఆ రథం మాత్రం ఒక్క క్షణం ఈమె గుడిసె ముందు ఆగుతుంది. ఆయన నీళ్ళు నిండిన కళ్ళతో ఆమె వైపు చూస్తాడు. అంతవరకూ 'నువ్వు నన్నెరగవు' అంటూ వచ్చినావిడ చివర్న 'నువ్వు నన్నెరుగుదువా?' అని అడుగుతుంది.

క్షేత్రయ్య నాయిక పిలుస్తుంది, దెప్పుతుంది, తలుపేసేస్తుంది. పోతన గోపికలు అడవంతా వెతుకుతూ మల్లెపొదని అడుగుతారు. వాళ్ళందరూ బయటికొచ్చినవాళ్ళే. ఇంటిపని వదలలేక మిగిలిపోయిన మనిషిని ఎవరు పట్టించుకున్నారు? ఇది చదివాక నాకు మా మేనత్తలు గుర్తొచ్చారు. పెళ్ళికి అందరూ ముస్తాబై మంటపంలో కూర్చుంటే వీళ్ళు వంటశాల దగ్గర గుండిగలు లెక్కపెట్టుకునేవాళ్ళు.

చింతచిగురు

గోదారిగట్టు గారూ, ఇది చదివి ఆఫీసులో కళ్ళు తుడుచుకున్నా. పక్క సీటాయన ఏమైంది అనడిగాడు. కృష్ణుడు అన్నా.

కరెంటాయన

కృష్ణుడు బాగానే ఉన్నాడు గానీ నా ప్రశ్న అలాగే ఉంది.

అడవిదారి

ఉన్నాను, ఉన్నాను. కరెంటాయన గారూ, నేను పాలక్కాడ్ వైపు చాలా తిరిగాను, కాస్త చెప్తా.

సైలెంట్ వ్యాలీ మధ్యలోంచి కుంతిపుళ అనే నది పారుతుంది. ఆనకట్ట కట్టాలనుకున్న చోటు సైరంధ్రి. పాండవుల పేర్లు అడవి నిండా ఉన్నాయి. మునిగిపోయేది దాదాపు 830 హెక్టార్లు. కాగితం మీద చిన్నదే. నిజానికి ప్రాజెక్టు వైపువాళ్ళ వాదన కూడా అదే, ఇంత అడవిలో కాస్త ముక్క అని. ఆ ముక్క నది పక్కన ఉన్న చిక్కటి నడిమి భాగం. సింహపుతోక కోతులు తిరిగే చోటు. ఆ కోతి నేల మీద ఎక్కువ దిగదు, కొమ్మ మీంచి కొమ్మకి పోవాలి. మధ్యలో ఖాళీ వస్తే రెండు వైపుల గుంపులూ విడిపోయినట్టే.

1973లో ప్లానింగ్ కమిషన్ ఆమోదం వచ్చింది. అప్పటికి దాదాపు అన్ని పార్టీలూ, యూనియన్లూ ప్రాజెక్టు వైపే. ఎదురు నిలిచింది ఎవరంటే కొందరు సైన్సు మేష్టర్లు, కాలేజీ కుర్రాళ్ళు, ఆ తర్వాత కవులు. సైన్సుని జనంలోకి తీసుకెళ్ళే కేరళ శాస్త్రసాహిత్య పరిషత్ 1979లో ఒక నివేదిక వేసింది. అది పూర్తిగా లెక్కల మీద నడిచింది, మలబార్‌కి కరెంటు వేరే దారుల్లో ఎలా తేవచ్చో కూడా చెప్పింది. అంటే చీకట్లో చదువుకునే పిల్లాణ్ణి వాళ్ళు మర్చిపోలేదు. బొటనీ ప్రొఫెసర్ ఎం.కె. ప్రసాద్ ఊరూరా తిరిగి చెప్పారు. కేంద్రం శాస్త్రవేత్త ఎం.జి.కె. మీనన్ కమిటీ వేసింది. 1983లో ఇందిరాగాంధీ ప్రభుత్వం ప్రాజెక్టు ఆపేసింది, 1984లో జాతీయ ఉద్యానమని ప్రకటించారు, 1985లో రాజీవ్ గాంధీ వచ్చి ప్రారంభించారు.

పద్మతీర్థం

అందులో కవుల వాటా ఇదీ. 'ప్రకృతి సంరక్షణ సమితి' అని పెట్టుకున్నారు. ఎన్.వి. కృష్ణవారియర్ ముందుండి నడిపించారు, సుగతకుమారి కార్యదర్శి. ఓ.ఎన్.వి., అయ్యప్ప పణిక్కర్, విష్ణునారాయణన్ నంబూద్రి, కడమ్మనిట్ట, ఇలా మలయాళంలో పెద్ద తలకాయలన్నీ వచ్చాయి. సభ మొదలయ్యేది ఆమె 'మరత్తిను స్తుతి'తో. చెట్టుకి స్తోత్రం. జడలు కట్టి విషం మింగి లోకానికి అమృతం పంచే శివుడిలా చెట్టుని కొలిచే పద్యం. మన దగ్గర సభకి ముందు ప్రార్థనా గీతం పాడతారే, అలా.

వాళ్ళకి 'మరక్కవులు' అని పేరు పెట్టారు, చెట్టుకవులు అని ఎగతాళిగా. కవి అయినవాడు కవిత్వం రాసుకోవాలి గానీ ఆనకట్టల జోలికెందుకని. ఆ ఎగతాళిని ఆమె తర్వాత రోజుల్లో గొప్పగానే చెప్పుకున్నారు.

కరెంటాయన

అడవిదారి గారూ, మీ లెక్క ఒప్పుకుంటున్నా. పరిషత్ నివేదిక గురించి మా డిపార్టుమెంటులో కూడా చర్చ జరిగింది. అప్పట్లో మాకు దాని మీద కోపం, ఎందుకంటే తప్పు పట్టడానికి వీల్లేకుండా రాశారు. నా అభ్యంతరం మిగిలింది ఒక్కటే. గెలిచాక కిరీటం పద్యానికి పెట్టారు. లెక్కలు వేసినాయన పేరు ఎవరికీ గుర్తులేదు.

అడవిదారి

నివేదిక ఢిల్లీ చేరింది, పాట ఊరికి చేరింది. ఊరు కదలకపోతే ఢిల్లీలో ఆ కాగితం ఎవరూ తెరిచేవారు కాదేమో. మీరన్నదీ నిజమే, ప్రసాద్ గారి పేరు కేరళ బయట ఎంతమందికి తెలుసు?

ఇంకోటి. ఆవిడది ఆపడం ఒక్కటే కాదు. అట్టప్పాడిలో బొమ్మియాంపడి అనే చోట బోడిగుట్టల మీద మళ్ళీ అడవి పెంచే పని చేయించారు, 'కృష్ణవనం' అని పేరుపెట్టి. అక్కడి ఆదివాసులతో కలిసి. దాని గురించి పత్రికల్లో పెద్దగా రాయరు. ఆనకట్ట ఆపితే వార్త, గుట్ట మీద మొక్క బతికితే ఏం వార్త?

పుస్తకాలపురుగు

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి చేదు మాట నేను వేస్తా. 2017లో ఆవిడ వలస కార్మికుల మీద అన్న మాటలు మర్చిపోయారా? బయటి రాష్ట్రాల కూలీలు రావడం కేరళకి పెద్ద విపత్తని, వాళ్ళ చదువు, నేర స్వభావం అంటూ ఒక ఇంటర్వ్యూలో మాట్లాడారు. కేరళలోనే చాలామంది గట్టిగా తప్పుపట్టారు. గల్ఫ్ నిండా మలయాళీలు పెట్టుకుని ఆ మాట అనడం ఏమిటండీ?

పద్మతీర్థం

మర్చిపోలేదు. మీరు ఎత్తకపోతే నేనే ఎత్తేవాణ్ణి. నేనూ బయటి రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ బతుకుతున్నవాణ్ణే. నాకు ఏసీ గది ఉంది కాబట్టి నన్నెవరూ విపత్తు అనరు, పెరుంబావూరులో ప్లైవుడ్ మిల్లులో చేసే ఒడియా కుర్రాణ్ణి అంటారు. ఆ మాట తప్పు. వయసు పైబడింది, సందర్భం వేరు అని సర్దిచెప్పే ఉద్దేశం నాకు లేదు.

రాత్రిపాళీ

నాకు అది ఆమె కవిత్వంలోంచి వచ్చిన లోపంలాగే కనిపిస్తుంది. ఆమె కేరళని ఎప్పుడూ అమ్మగా, పచ్చగా, కల్మషం లేని ఊరుగా చూశారు. ఆ ఊరు పాడవుతోందన్న దుఃఖమే రాయించింది, పోరాడించింది. ఆ దుఃఖం ముదిరితే పాడు చేసిందెవరు అని వెతుకుతుంది. ఒకసారి ఆనకట్ట దొరికింది, ఒకసారి విమానాశ్రయం. ఇంకోసారి పాపం కూలివాడు దొరికాడు.

సీమపిల్ల

ఇది మాత్రం బాగా చెప్పావన్నా.

గోదారిగట్టు

విమానాశ్రయం అంటే ఆరన్ముళదేనా? ఆ సంగతి ఎవరైనా రాయండి.

అడవిదారి

ఆరన్ముళదే. పంబానది పక్కన, వరిపొలాలు పూడ్చి ఒక ప్రైవేటు కంపెనీ విమానాశ్రయం కడతానంది. పార్థసారథి గుడి, పాముపడవలు, లోహపు అద్దాలు, ఈ మూడింటికీ పేరుపడ్డ ఊరు. సుగతకుమారి పుట్టిన వాళువేలిల్ తరవాడు, అంటే వాళ్ళ వంశపు ఇల్లు, కూడా అక్కడే. డెబ్బై ఎనిమిది, డెబ్బై తొమ్మిదేళ్ళ వయసులో వచ్చి సత్యాగ్రహం పందిట్లో కూర్చున్నారు. చిత్రమేమిటంటే ఆ పందిట్లో ఎడమవాళ్ళూ కుడివాళ్ళూ కాంగ్రెస్ వాళ్ళూ ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. కేరళలో అది మామూలుగా జరిగే పని కాదు. ఆమె ఉండబట్టే కుదిరిందని కొందరంటారు, ఆమెని వాడుకున్నారని మరికొందరు. 2014 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతి కొట్టేసింది. ఆ ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది.

చింతచిగురు

మహిళా కమిషన్ సంగతి ఎవరూ రాయలేదు. కేరళలో 1996లో కమిషన్ ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షురాలు ఆవిడే అని ఇప్పుడే చూశాను. సూర్యనెల్లి కేసు బయటపడింది కూడా ఆ ఏడాదే కదా?

పద్మతీర్థం

అవునండీ, ఆ ఏడాదే. పదహారేళ్ళ పిల్లని నలభై రోజులు ఊళ్ళు తిప్పి అత్యాచారం చేసిన కేసు. ఎక్కడ చూసినా ఆ పిల్లనే అనుమానించే మాటలు. కొత్తగా పుట్టిన కమిషన్ అలాంటి గాలిలో పని మొదలుపెట్టింది. అధ్యక్షురాలిగా సుగతకుమారికి అధికారాలు తక్కువ, ఫిర్యాదులు బస్తాల కొద్దీ. ఆడపిల్ల పుట్టుక మీద, కట్నం మీద ఆమె ఆ దశకంలో రాసిన కవితలు కఠినంగా ఉంటాయి. రాత్రిమళ నాటి లయ వాటిలో వెతక్కండి. సాహిత్యం వాళ్ళు ఆ కవితల్ని పెద్దగా మెచ్చరు, నినాదాలంటారు. నాకు మాత్రం కొన్ని నచ్చాయి.

పిల్లల పత్రిక 'తళిరు' సంపాదకత్వం కూడా ఆమె చేసిన పనుల్లో ఒకటి. అది చదువుకుని పెరిగిన పిల్లలు మా ఆఫీసులో కూడా ఉన్నారు.

పుస్తకాలపురుగు

చేదు మాట నేనే వేశాను కాబట్టి ఒక మంచి మాట కూడా నేనే. పోయాక తన మీద ఒక్క పువ్వు కూడా పెట్టొద్దని ముందే చెప్పుకున్నారు. దండలకి ఎన్ని పూలు తెంపుతారో అని. ప్రభుత్వ లాంఛనాలు వద్దు, తుపాకులు పేల్చొద్దు, విగ్రహం వద్దు, వీలైతే ఒక మర్రిచెట్టు నాటండి అన్నారు. 2020 డిసెంబరు 23న కోవిడ్‌తో తిరువనంతపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో పోయారు, 86 ఏళ్ళకి. కోవిడ్ నిబంధనల వల్ల పూలదండల ఊరేగింపు ఎలాగూ లేదు. పోలీసు లాంఛనాలు మాత్రం చేశారు. వద్దని చెప్పినా సరే! మన ప్రభుత్వాలకి కవి బతికుండగా రాసిన ఉత్తరాలు చదివే తీరిక ఉండదు, పోయాక వందనం చేసే తీరిక ఉంటుంది.

కరెంటాయన

ఇది నేను ఎదురుపక్షం నుంచి కూడా ఒప్పుకోవాల్సిన మాట.

అయితే పద్మతీర్థం గారి మొదటి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. కవయిత్రిగా గుర్తుండాలా, కార్యకర్తగానా? నా ఓటు కార్యకర్తకే. కవిత్వం లేకపోయినా అభయ నిలబడేది.

రాత్రిపాళీ

నిలబడేదా? నాకు నమ్మకం లేదు. 1985లో ఆ వార్డు తలుపు ఆమెకి ఎందుకు తెరిచారు? మామూలు గృహిణి వెళ్ళి తలుపు తీయండి అంటే గూర్ఖా కూడా పలకడు. కేంద్ర అకాడమీ బహుమతి వచ్చిన కవయిత్రి, సైలెంట్ వ్యాలీతో ఇంటింటా తెలిసిన పేరు, ఆమె రాస్తే పత్రిక వేస్తుంది. ఆ పేరు కవిత్వం సంపాదించింది. ఆమె దాన్ని ఊళంపారలో ఖర్చుపెట్టారు. కవిత్వం ఎంత బాగుందన్నది విమర్శకుల పని. ఆ పేరుతో ఏం చేశారన్నదే నాకు ముఖ్యం.

గోదారిగట్టు

నష్టం కూడా ఉంది. ఆ ఇరవై ముప్పై ఏళ్ళలో ఎన్ని కవితలు రాయకుండా పోయాయో! కోర్టు, కమిషన్, ధర్నా, బియ్యం బస్తాల లెక్క, రోగికి మందులు. ఆమే రాసిన ఆ గోపిక లాగే, వేణువు వినబడుతున్నా ఇంటిపనిలో ఉండిపోయారనిపిస్తుంది నాకు.

సీమపిల్ల

అది నష్టమని మీరంటున్నారు. ఆ బియ్యం తిన్నవాళ్ళని అడగండి.

గోదారిగట్టు

నోరు మూయించావమ్మా.

చింతచిగురు

మలయాళం రాని నాలాంటివాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంగ్లీషైనా పర్లేదు.

రాత్రిపాళీ

హైదరాబాద్‌లో కూర్చుని సూసీ తారు, కె. లలిత సంపాదకత్వం చేసిన భారతీయ మహిళా రచనల సంకలనం ఉంది కదా, దాని రెండో సంపుటిలో రాత్రిమళ కవిత ఇంగ్లీషులో ఉంది. అనువాదం స్వయంగా అక్క హృదయకుమారిదే. మంచి లైబ్రరీల్లో దొరుకుతుంది. ముందు అది చదువు, తర్వాత మలయాళం ఆడియో విను. వానకి మాటలు తెలియక్కర్లేదు, ఆ వెక్కిళ్ళు లయలో తెలుస్తాయి.

పద్మతీర్థం

నేను కృష్ణా కవితని మలయాళం అక్షరాల్లోంచి తెలుగు అక్షరాల్లోకి ఎక్కించి, పక్కన మాటకి మాట అర్థం రాసి మా ఇంటి దగ్గర టీచరుకి చూపిస్తున్నా. ఆవిడ ఎర్ర ఇంకుతో దిద్దడం అయ్యాక కొత్త థ్రెడ్‌లో దాని గురించి మాట్లాడుకుందాం. గోదారిగట్టు గారూ, క్షేత్రయ్య పదాల్లో దగ్గరగా వచ్చేవి రెండు మూడు మీరు వెతికి పెట్టుకోండి.

గోదారిగట్టు

పెడతాను. కరెంటాయన గారిని కూడా రమ్మనండి, ఎదురుపక్షం లేకపోతే మజా ఉండదు.

కరెంటాయన

కృష్ణుడి మీద నాకు ఎదురుపక్షం లేదు. కానీ వస్తా.